కేకు మీద క్రీం పూయడం ఒక్క వాక్యంలో తేలే పని కాదు

సంపాదకులకు,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలోని వంటల పేజీలో కేకుల మీద వచ్చే వ్యాసాలను శ్రద్ధగా చదివే పాఠకుల్లో నేనొకదాన్ని. మైదా ఎన్ని గ్రాములు, వెన్న ఎంత, ఓవెన్‌లో ఎన్ని డిగ్రీల దగ్గర ఎన్ని నిమిషాలు ఉంచాలి అన్న వివరాలన్నీ ఆ వ్యాసాల్లో పూసగుచ్చినట్టు ఉంటాయి. తీరా క్రీం పూత, అంటే ఫ్రాస్టింగ్ దగ్గరికి వచ్చేసరికి ‘కేకు చల్లారిన తర్వాత క్రీం సమంగా పూసుకోవాలి’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు. పక్కనే, ఎక్కడా ఒక గీత గానీ నలుసు గానీ కనిపించని తెల్లటి కేకు ఫొటో ఉంటుంది. ఆ వాక్యానికీ ఆ ఫొటోకూ మధ్య ఎంత పని ఉందో ఎవరూ చెప్పకపోవడం వల్ల, చక్కగా పొంగిన కేకును చివరి అరగంటలో పాడుచేసుకుని, ఆ నేర్పు తమ చేతిలో లేదనుకునేవారు చాలామంది ఉన్నారు.

నిజానికి ఈ పనిలో చేతి నేర్పు వాటా తక్కువ. పూవులు, తీగలు వేయడానికి సాధన కావాలన్న మాట కాదనను. కానీ నున్నటి పూత మాత్రం కేకు ఎంత చల్లగా ఉందన్నదాని మీద, క్రీం ఏ మెత్తదనంలో ఉందన్నదాని మీద, ఒక పూతకూ మరో పూతకూ మధ్య ఎంతసేపు ఆగామన్నదాని మీద ఆధారపడుతుంది. ఇవన్నీ అంకెల్లో చెప్పగలిగినవే. బేకింగ్‌కు ఇచ్చినట్టే ఫ్రాస్టింగ్‌కు కూడా ఆ అంకెలను అచ్చువేయమని కోరడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ‘చల్లారిన తర్వాత’ అన్న మాట సంగతి చూద్దాం. పైన చెయ్యి పెడితే వేడి తగలనంత మాత్రాన కేకు చల్లారినట్టు కాదు. పైభాగం, అంచులు త్వరగా చల్లారతాయి. మధ్యభాగం వేడిని చాలాసేపు పట్టుకుని ఉంటుంది. వెన్న 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర పూయడానికి అనువుగా మెత్తబడి, సుమారు 35 డిగ్రీలకు చేరేసరికి పూర్తిగా కరిగిపోతుంది. అంటే కేకు లోపల గోరువెచ్చగా ఉన్నా చాలు, దాన్ని అంటుకున్న క్రీం అడుగు నుంచి జారడం మొదలుపెడుతుంది. పూసేటప్పుడు బాగానే ఉన్నట్టు కనిపించి, పది నిమిషాల తర్వాత పై పొర ఒక పక్కకు ఒరగడానికి కారణం చాలాసార్లు ఇదే. ఓవెన్ నుంచి తీసిన కేకును పది పదిహేను నిమిషాలు టిన్నులోనే ఉంచి, ఆ తర్వాత కింద గాలి ఆడే తీగల స్టాండు మీదికి తిప్పి, గంట నుంచి రెండు గంటల వరకు వదిలేయాలి. అక్కడితో ఆగకుండా, క్లింగ్ ఫిల్మ్ గట్టిగా చుట్టి మరో రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే ఇంకా మేలు. వెన్నతో చేసిన కేకు చలికి గట్టిపడి, కత్తి పెట్టినప్పుడు నలుసులు బాగా తక్కువ రాలుస్తుంది. నూనెతో చేసిన కేకు అంతగా గట్టిపడదు కాబట్టి దాన్ని ఇంకాస్త సుతారంగా పట్టుకోవాలి. ఫిల్మ్ చుట్టకుండా ఫ్రిజ్‌లో పెడితే మాత్రం అంచులు ఎండిపోయి, నలుసులు తగ్గకపోగా పెరుగుతాయి. పల్చటి చక్కెర గ్లేజ్ పోసే కేకుల సంగతి వేరు. అవి కాస్త వెచ్చగా ఉన్నప్పుడే గ్లేజ్ చక్కగా పారుతుంది. మీ పేజీలో ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు.

కేకు నడుమ పైకి ఉబికి ఉంటే ఎంత క్రీం పూసినా చదును కాదు. టిన్ను లోహానికి ఆనుకున్న పిండి ముందుగా గట్టిపడిపోవడం, నడుమ పిండి ఇంకా పొంగుతూ ఉండడం వల్ల ఆ గుబ్బ వస్తుంది. తడిపి పిండిన మందపాటి గుడ్డ పట్టీని టిన్ను చుట్టూ కట్టి బేక్ చేస్తే అంచులు నెమ్మదిగా ఉడికి గుబ్బ తగ్గుతుంది. అయినా వచ్చిన గుబ్బను రంపపు పళ్లున్న బ్రెడ్ కత్తితో కోసేయాలి. కత్తిని ఒకేసారి అడ్డంగా దించకుండా, ముందు కేకును తిప్పుతూ చుట్టూ ఒక అంగుళం లోతు గాటు పెట్టుకుని, ఆ గాటు వెంబడే లోపలికి కోసుకుంటూ పోతే వంకర రాదు. కోసి తీసిన ముక్క ఇంట్లో ఎవరో ఒకరి నోట్లోకి ఎలాగూ పోతుంది కాబట్టి వృథా అనుకోనక్కర్లేదు. పొరలు పేర్చేటప్పుడు అన్నిటికన్నా పై పొరను తిరగేసి, టిన్ను అడుగున ఉన్న వైపు పైకి వచ్చేలా పెట్టాలి. అది పుట్టుకతోనే చదునుగా ఉంటుంది. కోసిన ముఖం కిందికి పోతుంది కనుక నలుసులు లేచే అవకాశమూ ఉండదు.

పొరల మధ్య జామ్ వంటి పల్చటి పదార్థం పెట్టేవారు ముందుగా అంచు చుట్టూ గట్టి క్రీంతో ఒక కట్ట వేసుకోవాలి. లేకపోతే పై పొర బరువుకు జామ్ పక్కలకు కారి తెల్లటి పూతలోకి చొచ్చుకొస్తుంది.

నేను అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పదలుచుకున్నది తొలి పూత గురించి. బేకింగ్ తెలిసినవారు దాన్ని క్రంబ్ కోట్ అంటారు. ఇంట్లో చేసేవారిలో చాలామంది అసలు దాని పేరే విని ఉండరు, మీ పేజీలోనూ అది కనిపించదు. గోడకు రంగు వేసే ముందు పుట్టీ పట్టించినట్టు, అసలు పూతకు ముందు కేకు చుట్టూ అతి పల్చగా ఒక పొర పూసి, రాలే నలుసులన్నిటినీ అందులోనే బంధించేయడం దీని ఉద్దేశం. ఇది అందంగా ఉండనక్కర్లేదు. కింద కేకు రంగు మసకగా కనిపిస్తూనే ఉండాలి. కనిపించకుండా పోయిందంటే మందంగా పూశారని అర్థం. ఈ పూతకు కావలసిన క్రీంను ముందే చిన్న గిన్నెలోకి వేరుగా తీసుకోవడం తప్పనిసరి. నలుసులు అంటుకున్న కత్తిని పెద్ద గిన్నెలో ఒక్కసారి ముంచితే చాలు, ఆ గిన్నెలోని క్రీం అంతా మచ్చలు పడుతుంది, ఆపైన ఏం చేసినా పూత నీటుగా రాదు. పల్చటి పొర పూశాక కేకును 20 నుంచి 30 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టాలి. వెన్నతో చేసే క్రీం, అంటే బటర్‌క్రీం అయితే, వేలితో తాకినప్పుడు అంటుకోకుండా, గట్టి పెచ్చులా తగలాలి. అప్పుడే రెండో పూత మొదలుపెట్టాలి. ఈ అరగంటను మిగుల్చుకోవాలని చూసేవారు ఆ తర్వాత గంటసేపు నలుసులు ఏరుకుంటూ కూర్చోవలసి వస్తుంది.

క్రీం విషయానికి వస్తే, వెన్న, ఐసింగ్ షుగర్ కలిపి చేసే మామూలు బటర్‌క్రీం కొత్తవారికి అన్నిటికన్నా అనుకూలమని నా అభిప్రాయం. తీపి ఎక్కువన్న మాట నిజమే కానీ, అది తప్పులను సర్దుకోనిస్తుంది; చెడితే గీసేసి మళ్లీ పూయవచ్చు. 20 సెంటీమీటర్ల రెండు పొరల కేకుకు 250 గ్రాముల వెన్న, 500 గ్రాముల ఐసింగ్ షుగర్ దాదాపు సరిపోతాయి. అయినా కాస్త ఎక్కువే చేసుకోవడం మంచిది, ఎందుకంటే క్రీం చాలదేమోనన్న భయంతో పిసినారిగా పూసినప్పుడే కత్తి కేకును గీరుతుంది. వెన్నను వేలితో నొక్కితే గుంట పడాలి కానీ వేలు జర్రున లోపలికి దిగిపోకూడదు. పైన నూనె మెరుపు కనిపిస్తే అది మరీ మెత్తబడిపోయిందన్నమాట. చక్కెర నీటిలో కరిగినట్టు కొవ్వులో కరగదు. అందుకే మిక్సీలో ఆడించుకున్న చక్కెరతో చేసిన క్రీం ఎంతసేపు గిలకొట్టినా నాలుకకు గరగరమంటుంది. ఆ గరుకుదనమే పూత మీద సన్నటి గీతలై కనిపిస్తుంది. బాగా మెత్తగా ఆడిన ఐసింగ్ షుగర్‌ను జల్లించి వాడడమే దీనికి మందు.

ఇక్కడ వ్యాసాలు దాదాపుగా చెప్పని సంగతి ఒకటుంది. క్రీం గుల్లగా తేలికగా రావాలని బీటర్‌ను చివరిదాకా పూర్తి వేగంతో తిప్పుతారు. అలా చేసిన క్రీంలో గాలి బుడగలు నిండిపోయి, కేకు మీద పూసినప్పుడు ప్రతి బుడగా ఒక చిన్న గుంటగా పగులుతుంది. బాగా గిలకొట్టిన తర్వాత చివరి రెండు నిమిషాలు అతి తక్కువ వేగంతో తిప్పి, ఆపైన గరిటెతో గిన్నె గోడకేసి నొక్కుతూ కలిపితే ఆ గాలి చాలావరకు పోయి, క్రీం నున్నబడుతుంది. కత్తికి అంటుకుని కేకును పీకుతున్నట్టు ఉంటే చెంచాడు పాలు చాలు. గిన్నెలో జారిపోతూ ఉంటే చక్కెర పోసుకుంటూ పోవద్దు. గిన్నెను పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ కలపాలి. వంటగది వేడిగా ఉన్నవారు ఈ పని రెండు మూడుసార్లు చేయవలసి రావచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు.

విప్పింగ్ క్రీం సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. పాల నుంచి తీసిన క్రీంలో కొవ్వు 35 శాతం దరిదాపుల్లో ఉండాలి, క్రీంతోపాటు గిన్నె, బీటర్ కూడా ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా ఉండాలి. చల్లని కొవ్వు కణాలు గాలి బుడగల చుట్టూ చేరి ఒకదానితో ఒకటి అతుక్కోవడం వల్లనే క్రీం నిలబడుతుంది. వేడికి అవి కరిగితే నిలబడదు, మరీ ఎక్కువ గిలకొడితే గుంపులు కట్టి పలుకులు తేలి చివరికి వెన్న అవుతుంది. చాలా వంటల పుస్తకాలు గట్టి శిఖరాలు నిలిచేదాకా, అంటే బీటర్ ఎత్తితే క్రీం మొనలు వంగకుండా నిలిచేదాకా గిలకొట్టమంటాయి. పూతకు మాత్రం అంతకన్నా కాస్త ముందే ఆపాలి. ఎందుకంటే పాలెట్ నైఫ్‌తో, అంటే క్రీం పూసే పొడవాటి మొండి కత్తితో, క్రీం మీద అటూ ఇటూ రాసే ప్రతి రాపిడీ దాన్ని ఇంకా గిలకొడుతూనే ఉంటుంది. గిన్నెలో నున్నగా ఉన్న క్రీం కేకు మీదికి ఎక్కాక పలుకులు పలుకులుగా మారడం చూసి సరుకు మంచిది కాదని నిందించేవారు ఈ సంగతి గమనించాలి. అప్పుడప్పుడే పలుకులు తేలుతున్న దశలో రెండు మూడు చెంచాల మామూలు ద్రవ క్రీం పోసి చేత్తో నెమ్మదిగా కలిపితే తిరిగి దారికి వస్తుంది. వెన్న, నీరు విడిపోయాక మాత్రం చేయగలిగిందేమీ లేదు.

చాక్లెట్, క్రీం కలిపి చేసే గనాష్‌తో పూసేవారు కొలతను తూకంలో తీసుకోవాలి. డార్క్ చాక్లెట్ రెండు పాళ్లకు క్రీం ఒక పాలు, తెల్ల చాక్లెట్ అయితే మూడు పాళ్లకు ఒక పాలు. కలిపిన వెంటనే పూయబోతే కారిపోతుంది, గది వేడిమిలో కొన్ని గంటలు వదిలేస్తే అదే చిక్కబడి కత్తికి లొంగుతుంది. గుడ్డు తెల్లసొన, చక్కెర వేడిచేసి చేసే మెరింగ్ బటర్‌క్రీం వీటన్నిటికన్నా నున్నగా వస్తుంది కానీ, తెల్లసొనను 71 డిగ్రీలకు చేర్చడానికి థర్మామీటర్ కావాలి. దాని గురించి విడిగా ఒక వ్యాసమే వేయవచ్చు.

రెండో పూతలో చాలామంది పక్కల నుంచి మొదలుపెడతారు. పైభాగంతో మొదలుపెట్టడం సులువు. పైన కావలసినదానికన్నా ఎక్కువ క్రీం వేసి, అంచు దాటి కాస్త బయటికి వచ్చేదాకా నెట్టాలి. ఆ పైన పక్కలకు క్రీం పట్టించాలి. ఆ తర్వాత చదునైన అంచున్న స్క్రాపర్‌ను (క్రీం గీకే పలకను) నిటారుగా, దాని అడుగు కేకు కింద ఉండే అట్టను, అంటే కేకు బోర్డును తాకేలా పట్టుకుని, చెయ్యి కదపకుండా కేకు పెట్టిన తిరిగే బల్లను, అంటే టర్న్‌టేబుల్‌ను తిప్పాలి. కొత్తవారు ఇక్కడే తికమకపడతారు: బల్లను ఆపి చేతిని తిప్పుతారు, దానితో చెయ్యి ఆగిన ప్రతిచోటా ఒక నిలువు గీత పడుతుంది. ఒక చుట్టు పూర్తయ్యేవరకు ఆగకూడదు, ఆగిన ప్రతిసారీ స్క్రాపర్‌ను గుడ్డతో శుభ్రంగా తుడిచి మళ్లీ పెట్టాలి. గుంటలు కనిపించినచోట కాస్త క్రీం మెత్తి, మరో చుట్టు తిప్పాలి. పక్కలు నున్నబడేసరికి పై అంచు మీద క్రీం ఒక గట్టులా లేస్తుంది. దాన్ని కిందికి నొక్కితే పక్కలు మళ్లీ పాడవుతాయి. పాలెట్ నైఫ్‌ను దాదాపు బల్లపరుపుగా పట్టుకుని, అంచు నుంచి నడుమకు తేలికగా లాగి, కత్తి తుడిచి, పక్క భాగాన్ని అలాగే లాగుతూ చుట్టూ రావాలి. కత్తి తుడవకుండా రెండో లాగు లాగితే మొదటి లాగులో తీసిన క్రీం అంతా అక్కడే దిగుతుంది. బటర్‌క్రీం అయితే చివరి చుట్టుకు ముందు స్క్రాపర్‌ను వేడినీళ్లలో ముంచి, పూర్తిగా తుడిచి వాడితే మిగిలిన సన్నటి గీతలు కూడా కలిసిపోతాయి. విప్పింగ్ క్రీం మీద ఈ ఉపాయం ప్రయోగించకూడదు.

టర్న్‌టేబుల్ లేనివారు చదునైన అడుగున్న గిన్నెను బోర్లించి, దాని మీద కేకు బోర్డు పెట్టి తిప్పుకోవచ్చు. బోర్డు మీద చెంచాడు క్రీం రాసి కేకు పెడితే జారదు. కేకు అడుగు అంచు కిందికి నాలుగు బటర్ పేపర్ ముక్కలు దోపి, పని అయ్యాక మెల్లగా లాగేస్తే బోర్డు కూడా శుభ్రంగా ఉంటుంది. అలంకరణ సామగ్రి ప్రకటనల్లో కనిపించే పాతిక రకాల పరికరాల్లో కొత్తవారికి నిజంగా అవసరమైనవి నా దృష్టిలో స్క్రాపర్, మెడ వంగిన పాలెట్ నైఫ్ మాత్రమే.

రంగులు వేసేవారికి కూడా మీ పేజీలో రెండు ముక్కలు చెప్పవలసి ఉంది. నీళ్లలాంటి ద్రవ రంగులు క్రీంను పల్చన చేసేస్తాయి కాబట్టి చిక్కటి జెల్ రంగులు వాడాలి. వెన్నకు సహజంగానే పసుపు ఛాయ ఉంటుంది గనుక నీలం రంగు వేస్తే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. వెన్నను ఎక్కువసేపు గిలకొట్టి ముందే తెల్లబరుచుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది. కలిపిన రంగు కొన్ని గంటల్లో ఇంకా ముదురుతుంది కాబట్టి, కావలసిన ఛాయకు కాస్త ముందే చెయ్యి ఆపాలి.

ఒకే పూటలో కేకు కాల్చి, క్రీం పూసి, బల్ల మీద పెట్టాలనుకోవడం ఈ తిప్పలన్నిటికీ మూలమని నాకు అనిపిస్తుంది. మీ వ్యాసాలు తయారీ సమయం గంటన్నర అని రాయడం ఆ తొందరకు మరింత ఊతమిస్తోంది. మొదటిరోజు సాయంత్రం కేకు కాల్చి చల్లార్చి ఫిల్మ్ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుని, రెండోరోజు పొరలు పేర్చి తొలి పూత, విరామం, మలి పూత అన్న వరుసలో చేస్తే చేతిలో పని మొత్తం అంతే ఉంటుంది, కంగారు మాత్రం ఉండదు. ఫొటోలోని కేకు ఎప్పుడు మొదలై ఎప్పుడు పూర్తయిందో ఒక ముక్క రాస్తే, పాఠకులు తమ రోజును దానికి తగ్గట్టు సర్దుకోగలుగుతారు.

పూత పూర్తయ్యాక ఏం చేయాలన్నదీ చెప్పకుండా వదిలేస్తున్నారు. ఫ్రిజ్‌లోంచి తీసిన కేకును తేమగా ఉన్న గదిలో తెరిచి పెడితే నీటి బిందువులు పట్టి రంగులు కారతాయి. అట్టపెట్టెలో మూసి ఉంచి, ఆ పెట్టెతోనే బయటికి తీసి, చలి విరిగాక తెరిస్తే ఆ తేమ ఎక్కువగా పెట్టెకే పడుతుంది. ఒకవేళ కేకుకు చెమట పట్టినా తుడవకూడదు, ఆరనివ్వాలి. బటర్‌క్రీం కేకు ఓ గంట బయట ఉన్నాక తింటేనే మెత్తగా ఉంటుంది. పాల క్రీం పూసిన కేకును రెండు గంటలకు మించి బయట ఉంచడం ఆరోగ్యానికి మంచిది కాదు.

ఇక ముందు కేకుల వ్యాసాలు ప్రచురించేటప్పుడు కేకు చల్లారవలసిన సమయం, తొలి పూత, రెండు పూతల మధ్య విరామం, క్రీం ఏ దశలో ఉండాలన్న వివరం, నిల్వ ఉంచే పద్ధతి తప్పకుండా చేర్చవలసిందిగా కోరుతున్నాను. పేజీలో చోటు చాలదంటారేమో, కేకు ఫొటోలు నాలుగు వేసే దగ్గర మూడు వేసినా పాఠకులెవరూ ఫిర్యాదు చేయరు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు